ఇల్లు లేపిన ఎండాకాలం

కిరణ్ కుమార్ బొలేరో వెనక తగిలించుకుని తెచ్చిన తెల్లటి బండిని చూడ్డానికి ఆ వీధిలో ఇంటికొకరు బయటికొచ్చారు. పదహారడుగుల పొడుగు, కింద రెండు చక్రాలు, పక్కన ఒక తలుపు, మూడు కిటికీలు. లోపల ఎదురెదురుగా రెండు మంచాలు, చిన్న వంటగట్టు, దాన్ని ఆనుకుని బీరువా అంత బాత్రూము, గోడకి ఏసీ. కొల్లేట్లో పక్షుల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళకి అద్దెకిద్దామని రెండేళ్ళ కిందట కొన్నాడతను. మండవల్లి దగ్గర తన చేపల చెరువు గట్టు మీద పెట్టాడు. చలికాలం నాలుగు వారాలు తప్ప ఎవరూ రాలేదు. అప్పట్నించీ అది ఊరికే పడుంది. అక్క పడుతున్న ఇబ్బంది విని, "నలభై రోజులేగా, వాడుకో అక్కా" అని తీసుకొచ్చేశాడు.

అక్క పేరు ప్రసన్నలక్ష్మి. ఆమె ఇబ్బందల్లా ఇంటి గురించి. పెంటపాడుకి మూడు కిలోమీటర్ల దూరంలో, కాలవ వారనున్న ఆ ఊళ్ళో వాళ్ళ ఇల్లు మామగారి హయాంలో కట్టింది. అప్పట్లో రోడ్డు కన్నా రెండడుగులు ఎత్తు. తరవాత రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు. ఇప్పుడు రోడ్డు ఎత్తయింది, ఇల్లు పల్లమైంది. గట్టి వాన పడితే వీధి నీళ్ళన్నీ హాల్లోకే. కిందటి శ్రావణంలో బియ్యం బస్తాలు తడిసి ముద్దయిన రోజున అత్తగారు వీరరాఘవమ్మ మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, "ఇంకో వానాకాలం ఇలా చూడలేను. ఇల్లు లేపించరా" అంది కొడుకుతో. కనకరాజు తల్లి మాట కాదనే మనిషి కాదు. రెండో పంట దాళ్వా కోతలు అవగానే పని మొదలెట్టించాడు.

జాకీల మీద ఇల్లు లేపడం ఆ చుట్టుపక్కల కొత్తేమీ కాదు. గోడల కింద తవ్వి వరసగా జాకీలు పెడతారు. మేస్త్రీ విజిలు వెయ్యగానే పాతిక మంది ఒక్కసారి కడ్డీలు తిప్పుతారు. ఇల్లు కంటికి తెలియకుండా లేస్తుంది. నాలుగడుగులు లేపి, కింద గోడ కట్టి, నేల పూడ్చడానికి నలభై రోజులు పడుతుందన్నాడు మేస్త్రీ. అతను ఉత్తరాదివాడు. పదేళ్ళుగా ఇక్కడే పని చేస్తుండడం వల్ల తెలుగు బాగానే పట్టుబడింది. "లోపలే ఉండొచ్చండీ, భయం లేదు" అని కూడా అన్నాడు. గోతుల మీద, జాకీల మీద నిలబడ్డ ఇంట్లో పడుకోవడానికి ప్రసన్నలక్ష్మి ససేమిరా అంది.

అత్తగారిని ఏలూరులో ఆడపడుచు ఇంటికి పంపుదామంటే ఆవిడ ఒప్పుకోలేదు. "ఇల్లు గాల్లో ఉంటే నేను ఏలూరులో కూర్చుని అన్నం తింటానా? నాకేం గొంతు దిగుతుంది?" అంది. గేదెలు రెండున్నాయి, వాటిని వదిలి వెళ్ళేందుకూ లేదు. అలా వైశాఖ మాసంలో ముగ్గురూ ఆ బండిలోకి మారారు. వీరరాఘవమ్మే దానికి బండిల్లు అని పేరు పెట్టింది.

దాన్ని నిలపడానికి పెరట్లో పడమటి వారే ఖాళీ ఉంది. మిగతా చోటంతా ఇసక, కంకర, జాకీల పెట్టెలు. పెద్ద కిటికీ పడమటికి వచ్చేలా నిలిపి, బాత్రూము పైపు పెరటి మరుగుదొడ్డి గోతిలోకి కలిపి, కరెంటు తీగ లాగి, గోడకి టెంపరేచరు చూపించే గడియారం ఒకటి తగిలించాడు కిరణ్. "ఏసీ ఉంది, ఇంకేం బాధ లేదు" అని, చెరువులో చేపలకి ఆక్సిజన్ పడిపోయిందని ఫోనొస్తే ఆదరాబాదరాగా వెళ్ళిపోయాడు.

మొదటి వారం ఏసీ బాగానే నడిచింది. ఎండలు ముదిరి ఊరంతా ఏసీలు వేసేసరికి వోల్టేజీ పడిపోవడం మొదలైంది. పదకొండు అయ్యేసరికి అది ఒకసారి గుర్రుమని ఆగిపోయేది. మళ్ళీ సాయంత్రం అయిదింటికి గానీ కదిలేది కాదు. ఈ మధ్యలో బండిల్లు పెనంలా కాలేది. ప్రసన్నలక్ష్మి లోపలి కప్పుకి అరచెయ్యి ఆనించి చూసి చటుక్కున తీసేసేది. గడియారంలో ముప్పై ఎనిమిది. కాసేపటికి నలభై. కళ్ళు అటు పోకుండా పట్టుకోవడం ఆమె వల్ల అయ్యేది కాదు. అన్నం వడ్డిస్తూ చూసేది, గిన్నెలు కడుగుతూ చూసేది, మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి చూసేది.

"ఆ గడియారం తీసి అవతల పారెయ్యి ముందు. దాన్ని చూసే నీకు సగం వేడి" అనేవాడు కనకరాజు.

"మీకేమండీ, మీరు చేనుకెళ్ళిపోతారు. అత్తయ్యగారికి డెబ్బయ్యారు. బీపీ మాత్ర వేసుకుంటున్నారు. నాకు భయంగా ఉంది."

"మా అమ్మ ఇంతకన్నా ఎండల్లో చేలో ఊడ్చింది, కోసింది. ఏం కాదు."

ఏం కాదు అన్న మాట భర్త నోట విన్నకొద్దీ ఆమెకి ఏదో అవుతుందనే అనిపించేది. టీవీలో వడదెబ్బ వార్త వస్తే ఛానెల్ మార్చేసేది. మార్చాక, ఎంతమంది పోయారో వినకుండా మార్చానే అని మళ్ళీ బెంగ. తనకి తోచినవన్నీ చేసింది. కిటికీలకి లోపల దుప్పట్లు కట్టింది. తడి గోనెపట్టా ఫ్యాను ముందు వేలాడదీసింది. దాంతో గాలి చల్లబడలేదు సరికదా, లోపలంతా ఆవిరి పట్టి చొక్కాలు, చీరలు ఒంటికి అతుక్కుపోయాయి. వేడి గాలి లోపలికి రాకూడదని తలుపు బిగించి ఉంచింది. గంటకోసారి సీసాలో నీళ్ళు పోసుకుని అత్తగారి దగ్గరికి వెళ్ళేది.

"తాగండి అత్తయ్యగారూ."

"అక్కడ పెట్టు, తాగుతాను."

తరవాత వచ్చి చూస్తే సీసా ఖాళీగా ఉండేది. ఆ ఖాళీ సీసా చూసినప్పుడు మాత్రం ప్రసన్నలక్ష్మి ప్రాణం కుదుటపడేది. ఆ ఒక్కటే రోజంతా ఆమెకి ధైర్యం.

వీరరాఘవమ్మ మాత్రం రోజురోజుకీ మాట తగ్గించేసింది. మామూలుగా అయితే ఇంట్లో ఆవిడ గొంతే వినపడేది. ఇప్పుడు మంచం చివర కిటికీకి జేరబడి కూర్చుని, ఎదుటి కిటికీ దుప్పటి సందులోంచి, విజిలు మోగినప్పుడల్లా ఇంటివేపు చూస్తూ ఉండేది. "ఎంత లేచింది?" అని అడిగేది. "జానెడు లేచిందటండీ." "ఊఁ" అనేది. అంతే. ఇంటి మీద దిగులు కాబోలు అనుకుంది కోడలు.

రోహిణి కార్తె వచ్చిన మూడో రోజది. ఇల్లు రెండడుగుల పైనే లేచింది. ఆ రోజు పొద్దున్న తొమ్మిదింటికే ఏసీ ఆగిపోయింది. "స్టెబిలైజరు తెస్తాను, ఇవాళతో ఈ గోల వదిలిపోతుంది" అని కనకరాజు తాడేపల్లిగూడెం వెళ్ళాడు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక అత్తగారికి పెరుగన్నం పెట్టింది ప్రసన్నలక్ష్మి. ఆవిడ రెండు ముద్దలు తిని ఇక చాలంది. అంతలో బయట నుంచి మేస్త్రీ కేక. వంటింటి గోడకి పగులొచ్చింది, ఒక్కసారి వచ్చి చూడమని.

ఆమె తలుపు దగ్గరగా వేసి పరుగెత్తింది. పగులు గుమ్మం పైనుంచి మూలదాకా సన్నగా దారంలా ఉంది. "పూత పగులేనమ్మా, గోడ కాదు. కానీ ఈ వరస జాకీలు సరిచేసుకోవాలి. మీవాళ్ళు ఒకరుండాలి" అన్నాడు మేస్త్రీ. పని ఆగింది. వాళ్ళు కొలతలు చూశారు, నీటిగొట్టం పట్టి మట్టాలు చూశారు, నాలుగు జాకీలు విప్పి మళ్ళీ బిగించారు. ప్రసన్నలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ దారమంత పగులునే చూస్తూ నిలబడింది. అది ఇంకొంచెం సాగినట్టు ఒకసారి, సాగనట్టు ఒకసారి. ముప్పావుగంట ఎలా గడిచిందో తెలియలేదు. ఒక్కసారిగా అత్తగారు గుర్తొచ్చింది.

బండిల్లు తలుపు తీయగానే మొహాన వేడి కొట్టింది. అన్నం కుండ మూత తీసినట్టయింది. వీరరాఘవమ్మ గోడకి జేరబడి కూర్చుని ఉంది. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. "అత్తయ్యగారూ!" అంటే తల తిప్పింది గానీ చూపు నిలవలేదు. "సీతాలూ, గొళ్ళెం వెయ్యవే, గొడ్లొస్తాయి" అంది. సీతాలు ఆవిడ చెల్లెలు. చనిపోయి ఇరవయ్యేళ్ళయింది.

చెయ్యి పట్టుకుంది ప్రసన్నలక్ష్మి. చర్మం నిప్పులా ఉంది. ఒక్క చెమట చుక్క లేదు. గడియారం నలభై నాలుగు చూపిస్తోంది.

ఆవిడని లేపబోయింది, లేవలేదు. ఎత్తబోయింది, చేతకాలేదు. మెట్ల మీద నిలబడి అరిచింది. ఏమని అరిచిందో ఆమెకే తెలీదు. జాకీల దగ్గరున్న కుర్రాళ్ళు కడ్డీలు వదిలేసి వచ్చారు. నలుగురు లోపలికి దూరి, పరుపుతో సహా ఆవిడని ఎత్తి, ఆ ఇరుకు తలుపులోంచి అడ్డంగా వంచి బయటికి తెచ్చారు. "పాకలోకి! గేదెల పాకలోకి తీసుకురండి బాబూ!" అని పాక దగ్గర్నుంచి కేకేసింది సుందరమ్మ. ఆమె రోజూ గేదెల పని చూసే మనిషి. తాటాకు పాక, నాలుగు పక్కలా గాలి. నిజానికి ఆ పెరడు మొత్తం మీద చల్లగా ఉండే చోటు అదొక్కటే. ఇన్ని రోజులూ ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

సుందరమ్మ బోరు నీళ్ళు బిందెతో తెచ్చి ఆవిడ ఒంటి మీద కొంచెం కొంచెంగా పోసింది. ప్రసన్నలక్ష్మి తడిగుడ్డలు మెడకీ చంకలకీ పెట్టింది. మేస్త్రీ ఒక అట్టముక్కతో విసిరాడు. ఎవరో ఊళ్ళో ఆర్.ఎం.పి. ఏసుకుమార్‌ని కారుతో సహా పిలుచుకొచ్చారు. ప్రసన్నలక్ష్మి గ్లాసు పట్టుకుని నోట్లో నీళ్ళు పోయబోతుంటే అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దండి. స్పృహ సరిగ్గా లేదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గుడ్డలు మారుస్తూనే ఉండండి. గూడెం తీసుకెళ్ళిపోదాం. ఆలస్యం చెయ్యకూడదండి."

అతని కారులోనే తీసుకెళ్ళారు. దారి పొడుగునా ప్రసన్నలక్ష్మి అత్తగారి తల ఒళ్ళో పెట్టుకుని తడిగుడ్డ పిండుతూ కూర్చుంది. నేను తలుపు వేసి వెళ్ళాను, నేనే తలుపు వేశాను అన్న మాట ఒక్కటే ఆమె లోపల తిరుగుతోంది. కనకరాజు స్టెబిలైజరు పెట్టె చంకలో పెట్టుకునే ఆసుపత్రికి వచ్చాడు. భార్య మొహం చూసి ఆమె పక్కనే కూలబడ్డాడు. ఏం కాదు అని మాత్రం అనలేదు.

సెలైన్లు ఎక్కించారు. చీకటి పడేవేళకి వీరరాఘవమ్మ కళ్ళు తెరిచి, "గేదెలకి కుడితి పెట్టారా?" అంది. కనకరాజు గోడవేపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

చిన్న వయసు డాక్టరమ్మ ప్రసన్నలక్ష్మిని పక్కకి పిలిచింది.

"ఎండ ఒక్కటే కాదండి. ఒంట్లో నీరు ఎప్పట్నించో తక్కువుంది. పెద్దావిడ నీళ్ళు తాగట్లేదా?"

"గంటకోసారి ఇస్తున్నానండి. సీసాలకి సీసాలు తాగారండి. నా కళ్ళతో చూశాను."

"తాగడం చూశారా?"

ప్రసన్నలక్ష్మి చూసింది ఖాళీ సీసాల్ని.

"పగలు ఎన్నిసార్లు బాత్రూముకి వెళ్ళేవారు?"

డాక్టరమ్మ ఆమె మొహంలోకి పరీక్షగా చూసింది. "మీ పెదాలు చూసుకున్నారా? మీరు ఇవాళ నీళ్ళెప్పుడు తాగారండీ?"

పొద్దున్న కాఫీ. ఆ తరవాత ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. డాక్టరమ్మ నర్సుని పిలిచి ఓ.ఆర్.ఎస్. కలిపి ఇప్పించి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగానే నిలబడింది.

మర్నాడు పొద్దున్న సుందరమ్మ జావ తీసుకుని వచ్చింది. వరండాలో కూర్చుని, మాటల్లో మాటగా, "అమ్మగారూ, ఒకటడుగుతాను, ఏమనుకోకండి. ఊళ్ళో గడ్డిపరక కూడా ఎండిపోయింది. మీ బండి కిటికీ కింద తోటకూర మోకాలెత్తు లేచింది. అక్కడ నీళ్ళెవరు పోస్తున్నారండీ?" అంది.

ప్రసన్నలక్ష్మి జావ గిన్నె కింద పెట్టేసింది. పడమటి కిటికీ. అత్తగారి మంచం చివర ఉన్న కిటికీ.

లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చుంది. కోపం వచ్చిందో ఏడుపు వచ్చిందో ఆమెకి తెలియడం లేదు.

"నీళ్ళు పారబోశారా అత్తయ్యగారూ?"

వీరరాఘవమ్మ కప్పుకేసి చూసింది. "మరేం చెయ్యనే?" అంది మెల్లగా. "తాగితే వెళ్ళాలి. పెరట్లో పాతికమంది మొగపిల్లలు. వాళ్ళందరి మధ్యలోంచీ చెంబు పట్టుకుని, ఈ మోకాళ్ళేసుకుని ఆ మూల మరుగుదొడ్డిదాకా నడవమంటావా?"

"బండిల్లో ఉందిగా?"

"అన్నం ఉడికే గట్టుకి జానెడు దూరంలోనా? తలుపు తీస్తే పప్పు గిన్నె కనిపిస్తుంది. నా వల్ల కాదమ్మా. తెల్లారకట్ల ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి. అలా సరిపెట్టుకుంటున్నాను."

"నాతో చెప్పొచ్చుగా?"

"ఏం చెప్పను? ఇల్లు లేపించమన్నది నేను. ఏలూరు వెళ్ళనన్నది నేను. నిన్ను చూస్తే ఆ గడియారం కేసి చూస్తూ సగమైపోయావు. సీసా నిండుగా ఉంటే నీ మొహం ఎలా అయిపోతుందో నీకు తెలీదు. అది చూడలేక పారబోశాను." ఆవిడ కోడలి వేపు తిరిగి, "నువ్వు మాత్రం వెళ్తున్నావా ఏం? నేను చూస్తూనే ఉన్నాగా. నువ్వూ తెల్లారకట్లేగా" అంది.

ప్రసన్నలక్ష్మి ఆవిడ చెయ్యి తీసుకుని, సెలైను సూది కదలకుండా, ఒళ్ళో పెట్టుకుంది.

కిరణ్ కుమార్ కబురు తెలిసి ఆ మధ్యాహ్నమే వచ్చాడు. ఊరికే రాలేదు. ఆటోట్రక్కు నిండా కొల్లేటి జమ్ము గడ్డి మోపులు, వెదురు బొంగులు వేసుకొచ్చాడు. ఆసుపత్రిలో అత్తయ్యగారిని చూసి, పెరట్లోకి వచ్చి బండిల్లు చుట్టూ ఒకసారి తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"తప్పు నాదక్కా. ఏసీ ఉందిగదాని ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయాను. మా గట్టు మీద రేకుల మకాంలో కాపలావాళ్ళు ఏసీ లేకుండానే ఉంటున్నారు. ఎలా ఉంటున్నారో నాకు తెలుసు. ఇక్కడ మాత్రం బుర్ర పనిచెయ్యలేదు."

ముందు మేస్త్రీని బతిమాలి ఇసక కుప్ప ఒక పక్కకి తీయించాడు. కుర్రాళ్ళంతా చెయ్యేసి బండిని తిప్పారు. ఇప్పుడు పొడుగు గోడలు ఉత్తరానికీ దక్షిణానికీ వచ్చాయి. పడమటి ఎండకి కురచ గోడ ఒక్కటే మిగిలింది. తరవాత నాలుగు పక్కలా బొంగులు పాతి, కప్పుకి రెండు జానల ఎత్తున జమ్ము కప్పించాడు.

"కప్పు మీదే పరిచేస్తే పోలేదా?" అన్నాడు కనకరాజు.

"పరిస్తే జమ్ము కాగుతుంది బావగారూ, దాంతో పాటు రేకూ కాగుతుంది. మధ్యలో గాలి ఆడాలి. అసలు కిటికీకి దుప్పటి లోపల కడితే ఏం లాభమండీ? అద్దం దాటాక ఎండ లోపలికొచ్చేసినట్టే. అద్దానికి బయట అడ్డం పెట్టాలి."

కిటికీలకి బయట తడికెలు కట్టారు. పడమటి గోడకి మూరెడు ఎడంగా ఇంకో తడికె నిలబెట్టారు. కప్పులో చిన్న కిటికీ ఒకటుందని, పైకి చేరిన వేడంతా అందులోంచి పోవాలని ప్రసన్నలక్ష్మికి అప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ దుమ్ము పడుతుందని దాన్ని బిగించి ఉంచింది.

మూడో రోజున వీరరాఘవమ్మని ఇంటికి పంపుతామన్నారు. ఏలూరు నుంచి వచ్చిన ఆడపడుచు, "నాతో వచ్చెయ్యవే అమ్మా" అని బతిమాలింది. ప్రసన్నలక్ష్మి కూడా, "వెళ్ళండి అత్తయ్యగారూ, నాకు ధైర్యం చాలడం లేదు" అంది. దాచుకోకుండా అనేసింది.

ఆవిడ కోడలికేసి చూసి, "ఒక పని చెయ్యి. ఆ పొయ్యి అవతల పెట్టు" అంది.

"ఏ పొయ్యండీ?"

"బండిల్లో పొయ్యి. పాకలోకి మార్పించు. వంట అక్కడ చేద్దాం. పొయ్యి లేకపోతే అది వంటిల్లు కాదు. వంటిల్లు కాకపోతే ఆ బాత్రూము నాకు అడ్డం లేదు. సెగా తగ్గుతుంది. ఇదంతా ఆ మంచం మీద పడుకుని ఆలోచించాను."

ఆ మాటకి కిరణ్ నెత్తి కొట్టుకున్నాడు. "నేను రేకు గురించే ఆలోచించానండీ అత్తయ్యగారూ. లోపల మూడు పూటలా మండే పొయ్యి సంగతి నాకు తట్టనే లేదు."

ఆ సాయంత్రమే గ్యాసు పొయ్యి, సిలిండరు, పప్పు డబ్బాలు పాకలో గేదెలకి ఎడంగా ఒక మూలకి చేరాయి. ఖాళీ అయిన గట్టు మీద వీరరాఘవమ్మ మాత్రలు, దువ్వెన, కళ్ళజోడు పెట్టారు.

తిరిగొచ్చిన మర్నాడు ప్రసన్నలక్ష్మికి అన్నం సయించలేదు. బయట ముప్పై ఎనిమిదని ఫోనులో చూపిస్తోంది. వడగాలి జమ్ము కొసల్ని రెపరెపలాడిస్తోంది. పదకొండు గంటలకి కొత్త స్టెబిలైజరు టిక్కుమని ఒకసారి కొట్టుకుంది. ఏసీ ఆగలేదు. పన్నెండింటికి మాత్రం కరెంటే పోయింది. ఆమె పరుగున వెళ్ళి తలుపు తీసింది, కప్పులోని కిటికీ ఎత్తింది, ఉత్తరపు కిటికీ తెరిచింది. గడియారం కింద నిలబడింది. ముప్పై మూడు. అరగంటకి ముప్పై నాలుగు. ఒంటిగంటన్నరకి ముప్పై అయిదు. అక్కడ ఆగింది. ఆగిందని నమ్మలేక ఇంకో గంట అక్కడే నిలబడింది. కప్పుకి అరచెయ్యి ఆనించింది. గోరువెచ్చగా ఉంది.

"కూర్చోవే" అంది వీరరాఘవమ్మ. "మంచినీళ్ళు ఇటివ్వు. నా ఎదురుగా నువ్వూ ఒక గ్లాసు తాగు. నీది నేను చూస్తాను, నాది నువ్వు చూడు."

ఇద్దరూ ఎదురెదురు మంచాల మీద కూర్చుని తాగారు. కాసేపటికి ఆవిడ గోడ పట్టుకుని లేచి, నాలుగడుగులు వేసి, ఆ చిన్న తలుపు తీసుకుని లోపలికి వెళ్ళింది. ప్రసన్నలక్ష్మి వినీ విననట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆమె కళ్ళు మాత్రం చెమర్చాయి.

అలాగని బెంగ ఒక్కరోజులో పోలేదు. రోహిణి ఎండలు ఇంకా వారం పైనే కాశాయి. ఆ వారమంతా ఆమె మధ్యాహ్నాలు కూర్చునే గడిపింది, ఒక చెయ్యి అత్తగారి మంచం మీద వేసుకుని. ఆవిడకి చెమట పడితే సంతోషించేది. ఆవిడ గట్టిగా ఎవర్నైనా తిడితే ఇంకా సంతోషించేది. మేస్త్రీ కుర్రాళ్ళు ఇప్పుడు వీరరాఘవమ్మకి చనువయ్యారు. విజిలు మోగినప్పుడల్లా కిటికీలోంచి, "నా ఇల్లు జాగ్రత్తర్రా!" అని అరిచేది. వాళ్ళు చేతులెత్తి నవ్వేవారు. తనని మోసుకొచ్చిన నలుగురికీ ఒక పూట పాకలో పులిహోర చేయించి పెట్టింది. తినేటప్పుడు దగ్గరే కూర్చుని ఊరు పేరు, అమ్మ పేరు అడిగింది.

జ్యేష్ఠం సగంలో ఇల్లు నాలుగడుగులూ లేచి నిలబడింది. వంటింటి పగులు దారంలాగే ఉండిపోయింది. మేస్త్రీ దాన్ని చెక్కి సిమెంటు పూశాడు. గృహప్రవేశంలా పాలు పొంగిద్దామనుకుంటే ఒక చిక్కొచ్చింది. ఇంటికి మెట్లు లేవు. పాత మెట్లు రెండూ నేలలో ఉండిపోయాయి. ఇప్పుడు గుమ్మంలోకి ఎక్కాలంటే ఏడు మెట్లు కట్టాలి. వీరరాఘవమ్మ రోడ్డు మీద నిలబడి, ఎత్తయిపోయిన తన ఇంటి గుమ్మం కేసి తలెత్తి చూసి, "బాగుందిరా. నీళ్ళు రావు, నేనూ రాను" అంది. కనకరాజు నవ్వాపుకోలేక, మెట్ల పక్కన పట్టుకోడానికి కమ్మీ కూడా వేయిస్తానని మాటిచ్చాడు. మెట్లు ఆరేదాకా ఇంకో పది రోజులు బండిల్లే గతి.

ఆ పది రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆకాశం మూసుకుంది. వాన రాలేదు గానీ గాలి తిరిగింది. ప్రసన్నలక్ష్మి గిన్నెలు సర్ది, ఒక నిమిషం నడుం వాలుద్దామని తన మంచం మీద ఒరిగింది. ఎండాకాలం మొదలైన దగ్గర్నుంచీ పగటిపూట ఆమె కన్ను మూసింది లేదు. అలాంటిది పడుకున్నది పడుకున్నట్టే నిద్రపోయింది, తల కింద చెయ్యి పెట్టుకుని, నోరు కాస్త తెరిచి.

మేస్త్రీ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. "అమ్మగారూ, మెట్లకి రాయి ఏ రంగుది వెయ్యాలో..."

వీరరాఘవమ్మ వేలు నోటి మీద పెట్టుకుంది. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచి, తలుపు దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అంది.

"లేపకు బాబూ. నన్నడుగు, నేను చెప్తాను. జారని రాయి వెయ్యి. రంగు ఏదైనా ఫర్వాలేదు."